అక్వేరియం నీళ్లలో కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటి కరెంటుకు సంబంధించిన ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలలో అక్వేరియంల గురించి అడిగినవే ఎక్కువ. అందువల్ల మిగతా వాటిని పక్కన పెట్టి, ఈ సంచికలో వాటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో మూడడుగుల అక్వేరియం ఉన్నది. అందులో ఫిల్టరు, హీటరు, పైన ఎల్‌ఈడీ లైటు ఉన్నాయి. అద్దం తుడవడానికి చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్లు జుమ్మని లాగుతున్నాయి. మావారు చెప్పులు వేసుకుని చెయ్యి పెట్టి చూసి ఏమీ లేదంటున్నారు. చేపలు కూడా మామూలుగానే తిరుగుతున్నాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టరు ముంచి చూశాడు. అది కొద్దిగా వెలిగింది. ‘ఇది ఇండక్షన్ మాత్రమే, భయం లేదు’ అని చెప్పి వెళ్లాడు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ఈ జవాబు పూర్తిగా చదవకముందే లేచి వెళ్లి, పొడి చేతులతో, కాళ్లకు చెప్పులు వేసుకుని, ఆ అక్వేరియం ప్లగ్గులన్నీ బోర్డు నుంచి ఊడదీయండి. స్విచ్ ఆపితే చాలదు; ఎందుకో కింద చెబుతాను. చేపలు మరీ కిక్కిరిసి లేకపోతే ఫిల్టరు రెండు మూడు గంటలు ఆగినందువల్ల వాటికి వచ్చే నష్టం లేదు.

చేపలు బాగానే ఉన్నాయి కాబట్టి నీళ్లలో కరెంటు లేదనుకోవడం సరికాదు. తీగ మీద వాలిన కాకికి ఏమీ కానట్లే నీళ్లలోని చేపకూ ఏమీ కాదు. గాజు తొట్టి చెక్క స్టాండు మీద ఉన్నప్పుడు, లోపలి ఫిల్టరు నుంచి కరెంటు నీళ్లలోకి వచ్చినా అది భూమిలోకి పోయే దారి లేదు. నీళ్లన్నీ దాదాపు ఒకే వోల్టేజీలో ఉండిపోతాయి. మీరు చెయ్యి పెట్టిన క్షణాన ఆ దారి ఏర్పడుతుంది. వేళ్ల నుంచి చెయ్యి, ఛాతీ, కాళ్ల మీదుగా, తొట్టి ముందు ఒలికిన నీళ్లతో తడిసిన బండల్లోకి కరెంటు ప్రవహిస్తుంది. మీవారి చెప్పులు ఆ దారిని మూశాయే తప్ప నీళ్లలోని కరెంటును పోగొట్టలేదు. ఒక చెయ్యి నీళ్లలో ఉండగా రెండో చెయ్యి ఇనుప స్టాండుకో, ఫ్రిజ్జు పిడికో తగిలితే ఆ చెప్పులు ఆయనను కాపాడవు.

ఎలక్ట్రీషియన్ మాట పూర్తిగా తప్పని అనను. ఫిల్టరు మోటారులో రాగి చుట్టకు, నీళ్లకు మధ్య జిగురు లాంటి ఎపాక్సీ పొర ఒకటి ఉంటుంది. ఆ పొర బాగున్నప్పటికీ 50 హెర్ట్జ్ కరెంటు వల్ల నీళ్లలో కొంత వోల్టేజీ ఏర్పడుతుంది; ఆయన ఇండక్షన్ అన్నది దీన్నే. మల్టీమీటరు పెట్టి చూస్తే అది పదుల వోల్టులు చూపిస్తుంది. కానీ దాని వెనుక బలం ఉండదు, అంటే దాని నుంచి పోగలిగే కరెంటు అతి స్వల్పం. అయితే టెస్టరులోని నియాన్ బల్బు అతి తక్కువ కరెంటుతోనే వెలుగుతుంది కాబట్టి, అది ఇలాంటి అమాయకపు వోల్టేజీకీ, ప్రాణం తీసే లీకేజీకీ తేడా చెప్పలేదు. మనిషికి కరెంటు తెలియాలంటే సుమారు అర మిల్లీ ఆంపియరు నుంచి ఒక మిల్లీ ఆంపియరు దాకా ఒంట్లో ప్రవహించాలి. మీ వేళ్లు ప్రతిసారీ జుమ్మంటున్నాయంటే ఆ హద్దు దాటినట్లే. దాదాపు 10 మిల్లీ ఆంపియర్లకు కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదలలేని స్థితి వస్తుంది. 30 దాటి కొంతసేపు కొనసాగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1,000 ఓములు అనుకుంటే, మన ఇళ్లలోని 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్ల దాకా పోగలదు. ఇవాళ ఎపాక్సీ పొరలో వెంట్రుకంత ఉన్న పగులు ఎప్పుడు ఎంత అవుతుందో చెప్పలేము.

ఏ పరికరం లీకవుతున్నదో తెలుసుకోవడానికి మళ్లీ చెయ్యి పెట్టకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మల్టీమీటరు తీగ ఒకటి నీళ్లలో, రెండోది ఎర్తింగ్ సరిగ్గా ఉన్న సాకెట్టులోని ఎర్తు రంధ్రంలో పెట్టించండి. ఆ తరువాత పరికరాలను ఒక్కొక్కటిగా ప్లగ్గులో పెడుతూ రీడింగు చూడమనండి. ఒకటి పెట్టగానే రీడింగు ఎగిరితే అనుమానం దాని మీదే. దాన్ని ప్లాస్టిక్ బకెట్టు నీళ్లలో ముంచి, ప్లగ్గు పిన్నులకు, నీళ్లకు మధ్య 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరం) పరీక్షిస్తే సంగతి తేలిపోతుంది. రీడింగు మెగా ఓముల్లో కాక కిలో ఓముల్లో వస్తే అది పారేయవలసిన సరుకు. నీళ్లలో మునిగే పరికరానికి టేపు చుట్టడం, ఎమ్‌సీల్ పెట్టడం మరమ్మతు కిందికి రావు. 

ఇక స్విచ్ సంగతి. బోర్డు మీది స్విచ్ ఒక్క తీగనే తెంపుతుంది. వైరింగ్ సక్రమంగా ఉంటే అది కరెంటును తెచ్చే ఫేజ్ తీగ; తిరిగి వెళ్లే దారి న్యూట్రల్ తీగ. పాత ఇళ్లలో ఫేజూ న్యూట్రలూ తారుమారై ఉండటం అరుదు కాదు. అటువంటి చోట స్విచ్ ఆపినా పరికరంలో ఫేజ్ అలాగే నిలిచి ఉంటుంది. మోటారు ఆగుతుంది, లైటు ఆరుతుంది, నీళ్లలో కరెంటు మాత్రం ఉంటుంది. ప్లగ్గు ఊడదీస్తే ఈ అనుమానానికే తావు లేదు.

ప్రశ్న: మేము పాత ఇంట్లో అద్దెకు ఉంటున్నాము. మీటరు దగ్గర ఎంసీబీ ఉన్నది, ఎర్తింగ్ మాత్రం లేదు. ఎంసీబీ ఉన్నప్పుడు అక్వేరియం వల్ల షాక్ కొట్టదని మిత్రుడు అంటున్నాడు. దుకాణంలో ఆర్‌సీసీబీ పెట్టించుకొమ్మన్నారు. ఎర్తింగ్ లేని ఇంట్లో అది పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ మిత్రుడి మాట వినకండి. ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే తెగే స్విచ్, ఉన్నది వైర్లను కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే అంతకు మించిన కరెంటు దాని గుండా పోవాలి. పై జవాబులో చెప్పిన 230 మిల్లీ ఆంపియర్లు అందులో 70వ వంతు మాత్రమే. మనిషి ప్రాణం పోతున్నా ఆ ఎంసీబీ దృష్టిలో అది ఒక చిన్న బల్బు వెలగడంతో సమానం. అక్వేరియం మొత్తం లోడు చూసినా అంతే: లైటు, ఫిల్టరు, గాలి పంపు, 100 వాట్ల హీటరు అన్నీ కలిపి 200 వాట్లు దాటవు, అంటే ఒక ఆంపియరు కూడా కాదు. ఇంత చిన్న లోడు దగ్గర ఎంసీబీ జోక్యం చేసుకోవడానికి సందర్భమే రాదు.

ఆర్‌సీసీబీ పనితీరు వేరు. ఫేజ్, న్యూట్రల్ తీగలు రెండూ అందులోని ఒకే ఇనుప వలయం గుండా వెళతాయి. వెళ్లిన కరెంటంతా తిరిగి వస్తే అది కదలదు. కొంత కరెంటు మనిషి గుండానో, తడి గోడ గుండానో భూమిలోకి పోతే ఆ తేడాను పసిగట్టి రెండు తీగలనూ తెంపేస్తుంది. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్ల రకమే తీసుకోవాలి. ఆ మేరకు లీకేజీ ఉంటే 0.3 సెకనులోపు, అంతకు అయిదు రెట్లు ఉంటే 0.04 సెకనులోపు అది తెగిపోవాలి. 100, 300 మిల్లీ ఆంపియర్ల రకాలు దుకాణాలలో దొరికినా వాటిని మనుషుల రక్షణ కోసం వాడకూడదు. ఐఎస్ 12640 అనే గుర్తు, ఐఎస్‌ఐ ముద్ర చూసి కొనండి. ఎల్‌ఈడీ లైట్లు, అడాప్టర్లు ఎక్కువగా ఉన్న ఇంటికి ఏసీ రకం కంటే ‘ఎ’ రకం మేలు.

ఎర్తింగ్ లేకపోయినా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది, ఎందుకంటే అది చూసేది రెండు తీగల మధ్య తేడాను మాత్రమే. అయితే ఎర్తింగ్ ఉన్న ఇంట్లో లోహపు పరికరం లీకైన వెంటనే, ఎవరూ ముట్టుకోకముందే అది పడిపోతుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో మనిషి ముట్టుకున్నాకే పడిపోతుంది. షాక్ తగులుతుంది, కానీ క్షణంలో ఆగిపోతుంది. అలాగని కేవలం ఎర్తింగ్ ఒక్కటే ఉంటే చాలని కూడా అనుకోవద్దు. మన చలక నేలల్లో ఎండాకాలం ఎర్తింగ్ గుంత ఎండిపోయి నిరోధం పెరుగుతుంది. అది 20 ఓములకు చేరితే 230 వోల్టులకు పోయే కరెంటు 11.5 ఆంపియర్లే, 16 ఆంపియర్ల ఎంసీబీ అప్పుడు కూడా పడదు. ఎర్తింగ్ ఉన్నవాళ్లు ఉప్పు, బొగ్గు వేసిన ఆ గుంతలో వేసవి పొడవునా నీళ్లు పోస్తూ ఉండాలి.

ఆర్‌సీసీబీ చేయలేనిది ఒకటి ఉన్నది. ఒక చేత్తో ఫేజ్‌ను, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్న మనిషిని అది ఒక బల్బుగానే చూస్తుంది, తెగదు. అది ఓవర్‌లోడును కూడా ఆపదు కాబట్టి ఎంసీబీ ఎలాగూ ఉండాలి.

ఇంటి యజమాని వైరింగు ముట్టుకోనివ్వకపోతే, 25 ఆంపియర్ల రెండు పోళ్ల ఆర్‌సీసీబీ, రెండు సాకెట్లు అమర్చిన చిన్న పెట్టె ఒకటి ఎలక్ట్రీషియన్ చేత చేయించుకుని అక్వేరియానికి వాడండి. ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోవచ్చు. దాని మీద ‘టి’ అని రాసి ఉన్న బొత్తాన్ని నెలకొకసారి నొక్కి చూడండి. నొక్కినా పడిపోని ఆర్‌సీసీబీ గోడకు అలంకారమే తప్ప మరేమీ కాదు. అది తరచూ పడిపోతున్నదని విసుగుతో తీసేయించి, తీగలు నేరుగా కలిపించుకునేవారు ఉన్నారు. హీటరు వేయగానే పడిపోతున్నదంటే ఆ హీటరు మీద అది ఫిర్యాదు చేస్తున్నదని అర్థం.

అక్వేరియం ఒక్కటే కాక ఫ్రిజ్జు, నల్లా, గీజరు కూడా ఒకేసారి షాక్ కొడుతుంటే తప్పు తొట్టిలో కాక ఇంటి సర్వీసు తీగలో, న్యూట్రల్‌లో ఉండవచ్చు. అప్పుడు మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయండి. స్తంభం నుంచి మీటరు దాకా చూడవలసింది హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. మీటరు దాటాక ఇంటివారిదే బాధ్యత.

ప్రశ్న: చలికాలం కోసం గాజు గొట్టం హీటరు కొన్నాము. మొన్న నీళ్లు మారుస్తుండగా టప్పుమని పగిలింది. హీటరు నాసిరకమా, మా తప్పా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: నీళ్లు తీస్తున్నప్పుడు హీటరు ఆన్‌లోనే ఉండి ఉంటుంది. నీళ్లు తగ్గి గొట్టం గాలిలోకి వచ్చిన కొద్ది నిమిషాలకే గాజు మండిపోతుంది. మళ్లీ చన్నీళ్లు తగలగానే అది పగులుతుంది. లోపలి వేడితీగ నేరుగా నీళ్లకు తగిలితే తొట్టి మొత్తం ఫేజ్ అవుతుంది. పగిలిన హీటరును ప్లగ్గు ఊడదీశాక మాత్రమే, అదీ తీగ పట్టుకుని బయటికి తీయాలి.

నీళ్లు మార్చడానికి 15, 20 నిమిషాల ముందే హీటరు ప్లగ్గు తీసి చల్లారనివ్వండి. నీళ్లు నింపాక, గొట్టం మీద గీసి ఉన్న కనీస మట్టం గీత మునిగిందో లేదో చూసి, అప్పుడు పెట్టండి. గొట్టాన్ని నిలువుగా కాక, కంపెనీ అనుమతిస్తే, అడుగు భాగాన ఏటవాలుగా అమర్చుకుంటే నీళ్లు కొంత తగ్గినా బయటపడదు. లీటరుకు ఒక వాటు అన్నది వాడుకలో ఉన్న లెక్క. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి కాబట్టి 50 వాట్లది సరిపోతుంది. మీ జిల్లాలో రాత్రి చలి పది డిగ్రీల లోపలికి దిగుతుంది కాబట్టి 75 వాట్లది తీసుకున్నా తప్పులేదు. 200 వాట్లది వద్దు. థర్మోస్టాట్ అతుక్కుపోయిన రోజున అది చేపలను ఉడికిస్తుంది. మరొక మాట: మీవి గోల్డ్‌ఫిష్ అయితే అసలు హీటరే అక్కరలేదు. అవి చలినీళ్ల చేపలు. కరెంటు ప్రమాదాన్ని తగ్గించే మార్గాలలో అవసరం లేని పరికరాన్ని తొట్టిలో పెట్టకపోవడాన్ని మించినది లేదు.

ప్రశ్న: మా ఊళ్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గాలి పంపులో నీళ్లు కనిపిస్తున్నాయి. ఒకసారి పంపు కింద ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు తడిసింది. ఇన్వర్టరు పెట్టుకుంటే ఈ బాధ తీరుతుందా?
– ఒక పాఠకుడు, జగిత్యాల మండలం

జవాబు: పంపు నీటి మట్టం కంటే కింద ఉండటమే దీనికి కారణం. పంపు ఆగగానే గొట్టంలోకి నీళ్లు ఎక్కి, ఒకసారి అంచు దాటాక వాటంతటవే కిందికి జారుతూ పోతాయి. పంపు నిండి, ఆపైన బాక్సు మీద పడతాయి. కరెంటు తిరిగి వచ్చేసరికి అక్కడ తడిసిన సాకెట్టు సిద్ధంగా ఉంటుంది. పంపును తొట్టి నీటి మట్టం కంటే పైన, గోడకు కొట్టిన చెక్క మీద పెట్టండి. అది వీలుకాకపోతే గొట్టం మధ్యలో, నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టండి. దాని మీద ఉన్న బాణం గుర్తు తొట్టి వైపుకు ఉండాలి. తలకిందులుగా పెడితే బుడగలే రావు. బోరు నీళ్లలోని సున్నం పేరుకుని లోపలి రబ్బరు గట్టిపడుతుంది కనుక ఏడాదికొకసారి మార్చండి.

ఇన్వర్టరు వేరే సంగతి. మెయిన్ బోర్డులో ఉన్న ఆర్‌సీసీబీ ఇన్వర్టరు కంటే ముందు ఉంటే, బ్యాటరీ మీద నడిచే సమయంలో అది తొట్టిని కాపాడదు. ఇన్వర్టరు నుంచి బయటికి వచ్చే లైను మీద మరొకటి అమర్చాలి. ఆ లైను న్యూట్రల్‌ను ఇంట్లోని ఇతర లైన్ల న్యూట్రల్‌తో కలపకూడదు. కలిపితే అది కారణం లేకుండానే పడుతూ ఉంటుంది. కొనేటప్పుడు సైన్ వేవ్ రకమే కొనండి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద చిన్న మోటార్లు గుర్రుమంటూ వేడెక్కుతాయి. కేవలం కరెంటు పోయిన గంటసేపు బుడగలు రావడమే మీ అవసరమైతే అయిదు వోల్టుల బ్యాటరీ పంపు చాలు, అందులో షాక్ భయం కూడా లేదు.

ప్రశ్న: అక్వేరియం పక్కనే ఉన్న బోర్డుకు వైర్లు ఎలా అమర్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: తొట్టి నుంచి వచ్చే ప్రతి వైరు సాకెట్టు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి లేచి సాకెట్టులోకి పోవాలి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడిపోతుంది. వంపు లేకపోతే నేరుగా పిన్నుల్లోకి దారి తీస్తుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సును తొట్టి కింది అరలో గానీ నేల మీద గానీ పెట్టకండి. తొట్టికి పక్కగా, నీటి మట్టం కంటే పైన, గోడకు బిగించండి. ప్లగ్గు మీద ప్లగ్గు తగిలించే అడాప్టర్లు వద్దు. వదులుగా ఉన్న పిన్నుల దగ్గర నిప్పురవ్వలు పుట్టి సాకెట్టు నల్లబడుతుంది, ప్లాస్టిక్ కరిగిన వాసన వస్తుంది. చేపలకు జబ్బు చేసినప్పుడు దొడ్డుప్పు వేస్తాము కదా, ఆ నీటి తుంపరలు ఆరాక తెల్లని పొడి మిగులుతుంది. అది సాకెట్టు చుట్టూ కనిపిస్తే మెయిన్ ఆపి పొడి గుడ్డతో తుడిపించండి. గాలిలో తేమ తగిలితే ఆ ఉప్పు పొరే కరెంటుకు దారి అవుతుంది. ఇనుప స్టాండు అయితే దానికి ఎర్తింగ్ తీగ బిగించాలి.

ప్రశ్న: తొట్టిలో వేసే ఎర్తింగ్ కడ్డీ ఒకటి ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. కొనమంటారా?
– ఒక విద్యార్థి, గోదావరిఖని

జవాబు: ఆర్‌సీసీబీ ఉంటే కొనవచ్చు, లేకపోతే వద్దు. టైటానియం కడ్డీని ఎర్తుకు కలిపితే, లీకైన కరెంటు మీ చెయ్యి కోసం ఎదురుచూడకుండా ఆ కడ్డీ గుండా పోతుంది, ఆర్‌సీసీబీ వెంటనే తెగుతుంది. ఆర్‌సీసీబీ లేని చోట ఆ కరెంటు ఆగకుండా నీళ్లలో ప్రవహిస్తూనే ఉంటుంది. అప్పటిదాకా ఏమీ తెలియని చేపలు దాని దారిలో పడతాయి. ఇత్తడి, రాగి కడ్డీలు స్థానికంగా చేయించి వేయకండి, రాగి నీళ్లలో కరిగితే చేపలకు, రొయ్యలకు విషం.

ప్రశ్న: తొట్టిలో చెయ్యి పెట్టిన మనిషికి షాక్ కొట్టి అతుక్కుపోతే ఏం చేయాలి? మా పాఠశాలలో పెద్ద అక్వేరియం ఉన్నది.
– ఒక ఉపాధ్యాయురాలు, ములుగు

జవాబు: మనిషిని ముట్టుకోకుండా మెయిన్ స్విచ్ ఆపండి. అది ఎక్కడ ఉన్నదో సిబ్బంది అందరికీ ముందే తెలిసి ఉండాలి. తాళం వేసిన గదిలో మెయిన్ ఉన్న బడులు చాలానే ఉన్నాయి. అది అందకపోతే పొడి ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి, పొడి కర్రతో మనిషి చెయ్యిని తొట్టి నుంచి వేరు చేయండి. నేల మీద నీళ్లు ఒలికి ఉంటే వాటిలో అడుగు పెట్టకండి. మనిషికి స్పృహ, శ్వాస లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మరొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులతో, పెద్దవారికైతే అయిదు సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకువెళ్లి ఈసీజీ తీయించండి, గుండె లయ తర్వాత కూడా తప్పవచ్చు.

ప్రశ్న: ఎండాకాలం నీళ్లు వేడెక్కుతున్నాయి. తొట్టి మీద టేబుల్ ఫ్యాను పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: తొట్టి అంచు మీద 230 వోల్టుల ఫ్యాను ఏదీ పెట్టకండి, అది జారి నీళ్లలో పడటానికి ఒక్క పిల్లి చాలు. అంచుకు క్లిప్పుతో బిగించే 12 వోల్టుల డీసీ ఫ్యాన్లు దొరుకుతాయి. నీటి పైభాగానికి గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. దాని అడాప్టరులోకి వచ్చేది మాత్రం 230 వోల్టులే కాబట్టి దాన్ని తొట్టికి దూరంగా ఉంచండి. ఫ్యాను గాలికి నీళ్లు త్వరగా ఇగిరిపోతాయి. ఫిల్టరు బయటపడి ఉత్తగా తిరిగితే మోటారు కాలుతుంది కనుక, మే నెలలో రోజూ మట్టం చూసి, ప్లగ్గులు తీసి, తగ్గినంత నీళ్లు పోయండి.